ఇండియన్ హాలిబట్‌ను గుర్తుపట్టడం ఎలా? మన తీరంలోని బల్లపరుపు చేపలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో రొయ్యల వల విప్పితే రొయ్యలతో పాటు రెండు కళ్లూ ఒకే వైపున్న చేపలు కొన్ని తప్పకుండా పడతాయి. చాలాచోట్ల వీటన్నిటినీ కలిపి నాలుక చేపలు అనేస్తారు. కానీ ఆ కుప్పలో నాలుగైదు వేర్వేరు కుటుంబాల చేపలుంటాయి. వాటి తిండి వేరు, ధర వేరు, కోసే పద్ధతీ వేరే. వాటిలో ఒంటి మందంలోనూ నోటి పెద్దరికంలోనూ అన్నిటికంటే ముందుండేది ఇండియన్ హాలిబట్. ఈ పేజీ ప్రధానంగా దాని గురించే. మిగతావి దానితో పోల్చి చూసుకోవడానికి అవసరమైన మేరకు వస్తాయి. పాఠ్యపుస్తకాలు వాజం అనే భాగాన్ని ఇక్కడ రెక్క అనే రాశాం.

ఇండియన్ హాలిబట్ అంటే ఏ చేప?

శాస్త్రీయ నామం సెట్టోడెస్ ఎరుమెయ్. 1801లో బ్లాక్, ష్నైడర్ దీన్ని వర్ణించారు. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని మన దేశపు రెండు తీరాల మీదుగా జపాన్, ఆస్ట్రేలియా దాకా దొరుకుతుంది. ఈ ప్రజాతిలో ఉన్నవి మూడే జాతులు. మిగతా రెండూ పశ్చిమ ఆఫ్రికా వైపు ఉంటాయి కాబట్టి మన తీరంలో ఈ లక్షణాలు కనిపిస్తే అది ఇదే.

బల్లపరుపు చేపలు ప్రపంచంలో 700 జాతులకు పైగా ఉన్నాయి. వాటన్నిటిలో మామూలు చేపల పోలికలు ఎక్కువగా మిగిలి ఉన్నది సెట్టోడెస్ కుటుంబానికే. వీపు రెక్కలో ముళ్లు, పెద్ద నోరు, దళసరి ఒళ్లు అన్నీ ఆ పోలికలే. దీన్ని గుర్తుపట్టే గుర్తులు కూడా అవే.

చేప చేతిలో ఉంది. ఒక్క నిమిషంలో తేల్చాలంటే ఏం చూడాలి?

ఈ వరసలోనే చూడండి. మొదటి రెండిటితోనే సాధారణంగా తేలిపోతుంది.

1. వీపు రెక్క ఎక్కడ మొదలైంది? ఇండియన్ హాలిబట్‌కు పై కన్ను దాటాక, వెనక మొదలవుతుంది. మన తీరంలో దొరికే మిగతా బల్లపరుపు చేపలకు దాదాపు అన్నిటికీ కన్ను మీదో, కన్ను కంటే ముందు ముక్కు దగ్గరో మొదలవుతుంది. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే.

2. నోరు తెరవండి. పై దవడ ఎముక చివర కింది కన్నును దాటి వెనక్కు పోతుంది. కింది దవడ కాస్త ముందుకు పొడుచుకొని ఉంటుంది. పళ్లు పెద్దవి, పదునైనవి, కొనల దగ్గర ముల్లు తిరిగి ఉంటాయి. వేలు పెట్టకుండా పుల్లతో తెరవండి.

3. వీపు రెక్క ముందు భాగాన్ని గోటితో నొక్కండి. మొదటి కొన్ని కాడలు వంగవు, ముళ్లలా గుచ్చుకుంటాయి. వెనకకు పోయేకొద్దీ మెత్తబడతాయి. పొట్ట రెక్కలు చూసినా ఒక్కోదానికి ఒక ముల్లు, అయిదు మెత్తని కాడలు ఉంటాయి.

4. పై కన్ను ఎక్కడుంది? తలకు సరిగ్గా పై అంచు మీద, రెండు వైపులకూ మధ్య ఆగిపోయినట్టు ఉంటుంది. చేపను తిప్పి, కళ్లు లేని తెల్లటి వైపు నుంచి చూసినా ఆ కంటి ఉబ్బు కనిపిస్తుంది.

5. తోక విడిగా ఉందా? వీపు రెక్కతో గానీ, కింది అంచున బారుగా ఉండే అడుగు రెక్కతో గానీ కలవకుండా, వెడల్పుగా, మధ్యలో కాస్త కోణం తిరిగి ఉంటుంది.

చిన్న చేపల్లో పళ్లు, ముళ్లు అంత స్పష్టంగా తెలియవు. అప్పుడు మొదటి గుర్తునూ నాలుగో గుర్తునూ పట్టుకోండి. అవి చిన్నప్పుడు కూడా మారవు.

కళ్లు ఎడమవైపున్నాయో కుడివైపున్నాయో ఎలా చెప్పాలి?

కళ్లున్న వైపు మీకు కనబడేట్టు చేపను పెట్టండి. పొట్ట కిందికి, వీపు పైకి ఉండాలి. తల మీ ఎడమ చేతి వైపు ఉంటే ఎడమ కళ్ల చేప, కుడి చేతి వైపు ఉంటే కుడి కళ్ల చేప.

ఎక్కువగా పొరపాటు జరిగేది పొట్ట ఏదో, వీపు ఏదో తెలియక. పైనా కిందా రెక్కలు ఒకేలా బారుగా ఉంటాయి కాబట్టి తలకిందులుగా పెట్టేస్తారు, దాంతో ఎడమ కుడి అవుతుంది. పొట్ట రెక్కలు, మొప్పల మూత తెరుచుకునే చోటు, కింది దవడ ఈ మూడూ ఉన్న అంచే పొట్ట. పేగులున్న సంచి కూడా తలకు దగ్గరగా అటే ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది.

ఒక హాలిబట్‌కు కళ్లు ఎడమన, ఇంకోదానికి కుడిన ఉన్నాయి. రెండూ ఒకే జాతేనా?

ఒకటే. నాలుక చేపల్లో కళ్లు ఎడమవైపే, సోల్ కుటుంబంలో కుడివైపే ఉండటం కట్టుబాటు లాంటిది. సెట్టోడెస్‌లో అలాంటి కట్టుబాటు లేదు. రెండు రకాలూ దాదాపు సమానంగానే పుడతాయి. ఒకే వలలో ఇలాంటివి రెండూ పడితే కలవరపడి వేర్వేరు జాతులుగా రాసేయకండి. అందుకే ఈ చేప విషయంలో ఎడమ, కుడి చూసి పేరు పెట్టకూడదు. రికార్డులో మాత్రం ఏ వైపో రాసి పెట్టండి.

నాలుక చేపకూ దీనికీ తేడా ఏమిటి?

అసలైన నాలుక చేపలు సైనోగ్లాసస్ ప్రజాతివి. రూపంలోనే పేరుంది: తల వైపు గుండ్రంగా, తోక వైపు సన్నగా మొనదేలి ఉంటాయి. వీపు రెక్క, తోక, అడుగు రెక్క మూడూ కలిసి ఒకే అంచుగా సాగుతాయి. ఛాతీ రెక్కలు అసలు ఉండవు. కళ్లు చిన్నవి, దగ్గరదగ్గరగా ఎడమవైపు ఉంటాయి. ముట్టె కొక్కెంలా కిందికి వంగి నోటిని కప్పుతుంది. నోరు చిన్నది, వంకర. మట్టిలో పురుగులను, చిన్న రొయ్యలను ఏరుకు తినే నోరు అది. హాలిబట్ నోటితో పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మళ్లీ పొరబడరు.

నాలుక చేపల్లో మళ్లీ జాతులు తేల్చాలంటే పక్కగీతలు లెక్కపెట్టాలి. పక్కగీత అంటే ఒంటి పక్కన రంధ్రాలున్న పొలుసుల వరస. కళ్లున్న వైపు రెండున్నాయా, మూడున్నాయా? తెల్లటి వైపు ఎన్ని ఉన్నాయి? మధ్య గీతకూ పై గీతకూ నడుమ ఎన్ని పొలుసుల వరసలు? ఇవన్నీ చూడాల్సిందే. జిగురు తుడిచి, చేపను కాస్త ఆరనిచ్చి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి. తడిగా ఉన్నప్పుడు లెక్కపెడితే ఒక గీత తప్పకుండా తప్పిపోతుంది. పెదవుల అంచున కుచ్చుల్లాంటి పోగులుంటే అది సైనోగ్లాసస్ కాదు, దాని దగ్గరి బంధువు పారాప్లాగూసియా.

పెద్ద పళ్లున్న మరో బల్లపరుపు చేప దొరికింది. అది కూడా హాలిబట్టేనా?

కాకపోవచ్చు. ఎక్కువగా తికమక పెట్టేది సూడోరాంబస్ ఆర్సియస్ అనే పెద్దపళ్ల ఫ్లౌండర్. దానికీ ముందు పళ్లు కోరల్లా ఉంటాయి. అయితే వీపు రెక్క కన్ను కంటే ముందే, ముక్కు దగ్గర మొదలవుతుంది. రెక్కలో ముళ్లు ఉండవు. కళ్లు ఎడమవైపే ఉంటాయి. ఛాతీ రెక్క పైన పక్కగీత విల్లులా బాగా వంగి, తర్వాత తిన్నగా సాగుతుంది. ఆ వంపు ముగిసే చోట ఒక నల్ల మచ్చ ఉంటుంది. హాలిబట్ పక్కగీత అక్కడ కొద్దిగానే వంగుతుంది.

అదే ప్రజాతిలో సూడోరాంబస్ ట్రయోసెల్లేటస్‌కు మూడు పెద్ద కంటి మచ్చలుంటాయి, దాన్ని గుర్తుపట్టడం తేలిక. బోథస్ కుటుంబపువి కూడా ఎడమ కళ్లవే గానీ వాటికి తెల్లటి వైపు పక్కగీత సరిగా ఉండదు. తిప్పి చూస్తే చాలు. కొన్ని బోథస్ మగ చేపలకు రెండు కళ్ల మధ్య ఎడం బాగా ఎక్కువ, ఛాతీ రెక్క పైపోగులు పొడుగు. ఆడ, మగ చేపలను వేర్వేరు జాతులని అనుకోవడానికి కారణం ఇదే.

సోల్ చేపలు?

సోల్ కుటుంబంలో కళ్లు కుడివైపు ఉంటాయి, నోరు చిన్నది, ముట్టె గుండ్రం. అడ్డచారలున్న జెబ్రియాస్ చేపను చారలు చూసే చెప్పేయవచ్చు. బ్రాకిరస్‌లో తోక మిగతా రెక్కలతో కలిసిపోతుంది, కానీ చివర నాలుక చేపంత మొన తేలదు.

పార్డాకైరస్ అనే సోల్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. దాని వీపు రెక్క, అడుగు రెక్కల మొదళ్లలో పాల వంటి విషపు ద్రవం వదిలే గ్రంథులుంటాయి. అది పెద్ద చేపలను తరిమేసే రక్షణ. పగడపు దిబ్బల దగ్గరి ఇసుకలో ఉంటుంది. అలాంటి చోట పట్టిన చేప రెక్కల అంచు నుంచి తెల్లటి ద్రవం కారుతుంటే ఒట్టి చేతులతో పిసకకండి.

రంగు చూసి చెప్పకూడదా?

రంగును చివరి సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి. ఇండియన్ హాలిబట్ కళ్లున్న వైపు గోధుమ లేదా బూడిద రంగులో ఉంటుంది. కొన్నిటికి నాలుగైదు వెడల్పాటి ముదురు అడ్డపట్టీలు ఉంటాయి. వీపు, అడుగు, తోక రెక్కల కొనలు నల్లగా ఉంటాయి. కానీ ఈ చేపలన్నీ కింద ఉన్న ఇసుకనూ బురదనూ బట్టి రంగు మార్చుకుంటాయి. చనిపోయాక, మంచులో పెట్టాక పట్టీలు మాసిపోతాయి. తెల్లటి వైపు కొంత భాగం గోధుమ రంగు తేలిన చేపలూ అప్పుడప్పుడు వస్తాయి. అది జబ్బు కాదు, తినడానికి ఇబ్బందేమీ లేదు.

కన్ను నిజంగానే ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళుతుందా?

వెళుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మామూలు చేపలాగే చెరో వైపు ఒక కన్ను ఉంటుంది. నీటిలో నిటారుగానే ఈదుతుంది. కొంత పెరిగాక పుర్రె మెలి తిరుగుతూ ఒక కన్ను తల పైనుంచి ఆవలి వైపుకు జరుగుతుంది. దాంతో పాటే చేప అడుగుకు దిగి ఒక పక్కకు వాలుతుంది. మిగతా బల్లపరుపు చేపల్లో ఆ కన్ను పూర్తిగా దాటిపోతుంది. వీపు రెక్క కూడా తల మీదుగా ముందుకు పాకుతుంది. సెట్టోడెస్‌లో కన్ను పై అంచు దగ్గరే ఆగుతుంది, రెక్క ముందుకు రాదు. పైన చెప్పిన ఒకటో గుర్తు, నాలుగో గుర్తు రెండూ ఈ ఒక్క కారణం నుంచి వచ్చినవే.

కన్ను అంచు మీద ఉండటం వల్ల పడుకుని ఉన్నప్పుడు కూడా చుట్టూ చూపు ఆనుతుంది. ఒక్కోసారి ఈ చేప నిటారుగానూ ఈదుతుంది. మిగతా బల్లపరుపు చేపల్లో ఇది అరుదు.

చందువ, టేకు కూడా పలచగానే ఉంటాయి కదా?

చందువ రెండు పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. చెరో వైపు ఒక కన్ను, రెండు వైపులా ఒకే రంగు. టేకు పైనుంచి కిందికి నొక్కినట్టు ఉంటుంది. అది నిజంగా పొట్ట మీదే పడుకుంటుంది, కళ్లు పైన, నోరు అడుగున. పైగా దానికి ఎముకలుండవు, ఉన్నది మృదులాస్థి. హాలిబట్ పడుకునేది పక్క మీద. మనం పైభాగం అనుకునేది దాని ఎడమ పక్కో, కుడి పక్కో.

ఎక్కడ ఉంటుంది, ఎంత లోతులో?

బురద, ఇసుక కలిసిన అడుగు దీనికి ఇష్టం. ఒడ్డు దగ్గరి లోతు లేని నీటి నుంచి 100 మీటర్ల దాకా దొరుకుతుంది. ఎక్కువగా 20 నుంచి 50 మీటర్ల మధ్య పడుతుంది. రాతి గుట్టల మీద వెతకడం వృథా. అడుగున లాగే ట్రాల్ వలలోనే ఎక్కువ వస్తుంది. అడుగున వేసిన గేలానికీ పడుతుంది. ఒడ్డు నుంచి లాగే అలివి వలలో వచ్చే బల్లపరుపు చేపలు చాలావరకు నాలుక చేపలు.

ఏం తింటుంది?

చేపలు. అదే దీనికీ నాలుక చేపకూ బతుకులో అసలు తేడా. ఒంటి మీద పలచగా ఇసుక చల్లుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి కదలకుండా ఉంటుంది. కారల్లాంటి చిన్న చేపలు దగ్గరకు రాగానే ఒక్క ఉదుటున లేచి పట్టేస్తుంది. కొనలు తిరిగిన పళ్ల మధ్య చిక్కింది మళ్లీ జారదు. రొయ్యలు, స్క్విడ్ కూడా తింటుంది. వేట ఎక్కువగా రాత్రి పూట.

గేలం వేసేవారికి దీని నుంచి రెండు విషయాలు. ఎర అడుగును తాకుతూ ఉండాలి, మధ్య నీటిలో తేలితే ఫలితం లేదు. చనిపోయిన రొయ్య ముక్క కంటే చిన్న చేప మంచి ఎర. పళ్లు నైలాన్ దారాన్ని తెంపగలవు కాబట్టి గేలానికి ముందు జానెడు సన్న తీగ కట్టండి. గేలం తీయడానికి కటింగ్ ప్లేయర్ వాడండి.

పొట్ట కోసి తిండి రాసుకునేవారు ఒకటి గమనించాలి. ట్రాల్ వలలో లాగేటప్పుడు ఇరుక్కున్న చేపను అక్కడికక్కడే మింగడం జరుగుతుంది. నోట్లోనూ గొంతులోనూ కొత్తగా, అరగకుండా ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఎంత పెద్దదవుతుంది? ఎలా కొలవాలి?

64 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. మార్కెట్‌కు వచ్చేవి సాధారణంగా 50 సెంటీమీటర్ల లోపే. ఒంటి వెడల్పు, అంటే వీపు నుంచి పొట్టకు, పొడవులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

చేపను బల్ల మీద కళ్లు పైకి వచ్చేలా పరచండి. నోరు మూసి, కింది దవడ కొన నుంచి తోక చివరి దాకా తిన్నగా కొలవండి. టేపును ఒంటి వంపు మీద ఆనిస్తే కొలత పెరిగిపోతుంది. నోరు తెరిచి ఉన్నా అంతే, ఇంత పెద్ద నోటితో సెంటీమీటరు తేడా ఇట్టే వస్తుంది. వయసు కావాలంటే పొలుసులతో కాదు, పుర్రెలోని చెవి రాళ్లలో వలయాలు లెక్కపెట్టాలి. వైపు మారిన కన్ను వల్ల కొన్ని బల్లపరుపు చేపల్లో రెండు చెవి రాళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఏ వైపుదో రాసి భద్రపరచండి.

ఏ కాలంలో దొరుకుతుంది?

దీని కోసమే ఎవరూ ప్రత్యేకంగా వేటకు పోరు. రొయ్యల కోసం లాగే వలలో కలిసి వస్తుంది. కాబట్టి మరపడవలు సముద్రంలో ఉన్నన్నాళ్లూ కాస్తో కూస్తో దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో రేవులో తాజాగా కనిపించదు.

అరచేయంత పిల్లలు కూడా వలలో వస్తున్నాయి. ఏం చేయాలి?

ఇది మాకు బాధ కలిగించే విషయం. వేటాడి బతికే చేప కాబట్టి నాలుక చేపల్లా వేల సంఖ్యలో ఉండదు. పిల్లగానే పోతే దాని స్థానం అంత త్వరగా నిండదు. వల చివరి సంచి కన్ను చిన్నదైతే ఈ వెడల్పాటి ఒళ్లు తప్పించుకునే వీలే లేదు. సంచికి వజ్రాకారపు కన్ను బదులు చదరపు కన్ను వాడటం మేలు. వజ్రాకారపు కన్ను లాగేటప్పుడు బిగుసుకుపోతుంది, చదరపుది తెరిచే ఉంటుంది. అయినా వెడల్పాటి చేప గుండ్రటి చేపంత సులువుగా దూరలేదు కాబట్టి పిల్లలు ఎక్కువగా పడుతున్న చోటు వదిలి పడవను జరపడమే అన్నిటికంటే పనికొచ్చేది. డెక్ మీద ప్రాణంతో ఉన్నవాటిని మొదటే ఏరి నీటిలో వదలండి. ఎండలో కాసేపున్నాక వదిలితే బతకడం కష్టం.

ఫొటో పంపి జాతి అడగాలంటే ఎలా తీయాలి?

కళ్లున్న వైపు ఒకటి, తెల్లటి వైపు ఒకటి, తల దగ్గరి నుంచి ఒకటి, నోరు తెరిచి ఒకటి. నాలుగూ కావాలి. రెక్కలు విప్పి గుండుసూదులతో నిలపండి, మడిచి ఉన్న రెక్కలో మొదలు కనిపించదు. పక్కన స్కేలు పెట్టండి. ఫ్లాష్ వేయకండి, జిగురు మెరిసి పక్కగీత పోతుంది. పట్టిన చోటు, లోతు, తేదీ, వల రకం రాయండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా కొన్ని బొమ్మలను అద్దంలోలా తిప్పేస్తుంది, దాంతో ఎడమ కళ్లు కుడి అవుతాయి. వెనక కెమెరాతోనే తీయండి.

అమెరికాలో, కెనడాలో కొనే హాలిబట్ ఇదేనా?

కాదు. అక్కడి హాలిబట్ హిప్పోగ్లాసస్ ప్రజాతిది. చల్లటి సముద్రాల చేప, రెండు మీటర్లు దాటి పెరుగుతుంది. మనది వేరే కుటుంబం. గల్ఫ్ దేశాల్లో ఉండేవారికి మాత్రం అక్కడి చేపల మార్కెట్లో ఈ ఇండియన్ హాలిబట్టే ఎదురుకావచ్చు, ఆ నీళ్లలో కూడా ఇది ఉంది.

ముక్కలుగా అమ్మేటప్పుడు ఇది అసలైనదో కాదో తెలిసేదెలా?

తోలు తీసిన ముక్కను చూసి ఖాయంగా చెప్పడం కష్టం. హైదరాబాద్‌లో బాసా పేరుతో దొరికేది చెరువుల్లో పెంచే పంగాసియస్, దానికీ సముద్రపు బల్లపరుపు చేపలకూ సంబంధం లేదు. సోల్ అని అమ్మితే తోలుతో ఉన్న ముక్కే అడగండి. ఒక ముక్కకు ముదురు తోలు, మరో ముక్కకు తెల్ల తోలు ఉంటే బల్లపరుపు చేప. వీలైతే చేపను నిండుగా కొని మీ ముందే కోయించండి.

నిండు చేపలో తాజాదనానికి తెల్లటి వైపు చూడండి. తెల్లగా మెరుస్తుంటే మంచిది. పసుపు పచ్చగా మారినా, పొట్ట దగ్గర ఎరుపు, పచ్చ మరకలు వచ్చినా వద్దు. పేగుల సంచి చిన్నదే అయినా ముందు చెడేది అదే. అందుకే కొన్న వెంటనే పేగులు, మొప్పలు తీయించి, కిలో చేపకు కిలో మంచు చొప్పున వేసి ఇంటికి తీసుకెళ్లండి.

ఎలా కోయాలి, ఎలా వండాలి?

తోక వైపు నుంచి తల వైపుకు కత్తితో గీకితే పొలుసులు వస్తాయి. ముక్కల కోసం అయితే మధ్య ఎముకకు అడ్డంగా రెండు సెంటీమీటర్ల మందాన కోయండి. ఎముక లేకుండా కావాలంటే తల వెనక నుంచి తోక దాకా మధ్యలో ఎముక తగిలేదాకా ఒక గాటు పెట్టండి. అక్కడి నుంచి కత్తిని ఎముకల మీద పడుకోబెట్టి అంచు వైపుకు జరపండి. ఒక వైపు రెండు, తిప్పితే ఇంకో రెండు, మొత్తం నాలుగు ముక్కలు వస్తాయి. కత్తి ఎముకను గీకుతున్న చప్పుడు వినిపిస్తూ ఉండాలి. అది ఆగితే మాంసం ఎముకకే మిగిలిపోతోందన్నమాట.

మాంసం తెల్లగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. కాబట్టి ఎక్కువసేపు ఉడికితే విడిపోయి పొడిబారుతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేసి, ఎనిమిది నుంచి పది నిమిషాల్లో దించండి. గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని కదపండి. వేపుడుకైతే పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట చాలు. నిమ్మరసంలో గంటలకొద్దీ నానితే పెనం మీదే చెదిరిపోతుంది.

నాలుక చేప పద్ధతి వేరు. దాని తోలు తీసేయాలి. తల దగ్గర చిన్న గాటు పెట్టి, వేళ్లకు రాళ్ల ఉప్పు అద్దుకుని తోలును తోక వైపుకు లాగితే ఒక్క ముక్కగా ఊడివస్తుంది. హాలిబట్ తోలు ఇలా లాగబోతే మాంసంతో సహా చిరుగుతుంది, దానికి కత్తే వాడాలి.